నిచ్చెన కాలు

వడ్డేపల్లి కాడ ఆ ఇంట్ల
ఈతకొలను నీళ్లకు నెలకు మూడుమాట్ల జ్వరం.
సోమవారం తేటగ జేసి విడిచిపోత,
అవతలి మంగళారానికి
మెట్టు మీద కాలు జర్రుమంటది.
నాసు.

క్లోరిన్ బిళ్లలు డబ్బాలకు డబ్బాలు పోసిన.
ఫిల్టర్ల ఇసుక తీసి కొత్తది నింపిన.
బోరునీళ్లు సీసల పట్టి ల్యాబుకిచ్చిన,
సున్నం జర జాస్తి, ఇంకేం లేదన్నరు.
ఆరు గంటల మోటరు పది గంటలు నడిపిన,
కరెంటు బిల్లు జూసి
విద్యాసాగర్ సేటు నన్ను జూసిండు.

ఎనుమాముల మార్కెట్ల ఆయనది మిర్చి అడ్తి.
బస్తల చెయ్యి పెట్టి
ఎరుపు జూసి రేటు కట్టెటోడు.
పచ్చ కనబడితే మాత్రం
మనిషిని ఎతుకుతడు.

మనిషి కన్న ముందు జామచెట్టు దొరికింది.
ఆకులు రాలుతున్నయని కొట్టేయించిండు.
నాసు ఆగలే.
తర్వాత బతుకమ్మ.
వాడకట్టు ఆడోళ్లు చెరువు దాక పోలేక
ఈ నీళ్లల్లనే విడిచిండ్రట తంగేడు, గునుగు.
"అది దసరా ముచ్చట సేటూ, ఇప్పుడు ఏప్రిల్" అన్న.
ఆఖరుకు జనరేటర్ రూముల ఉండే
వాచ్‌మన్ పోశాలు బిడ్డ.
సిరిచందన. నాలుగో తరగతి.
ఒక్కనాడు ఎండపూట కాళ్లు ముంచిందట,
కెమెరాల పడ్డది.
కాళ్లు.
మోకాళ్ల దాక గూడ గాదు.

తెల్లారి పోశాలు కొలను చుట్టు పచ్చజాలి కట్టిండు,
తన బిడ్డకు అడ్డంగ తనే.
జాలి ఓ కొస నేనే పట్టుకున్న.
ఏమన్న అంటినా? ఏమనలే.
నా చేతిల టెస్ట్ కిట్ ఉండె,
గులాబిరంగు తేలి
అంత సక్కగనే ఉన్నదని సూపెట్టవట్టె.

మా నాయిన ఆజంజాహి మిల్లుల రంగుల ఖాతల చేసెటోడు.
గోర్లల్ల నీలం సచ్చేదాక పోలే.
తానుకు మరక పడితే అనెటోడు:
ఏడ పెద్దగున్నదని గాదురా,
ముందుగాల్ల ఏడ పడ్డదో జెప్పు.

ఎనిమిదో రాత్రి కుర్చేసుకుని కూసున్న.
దోమలు. కాజీపేట దిక్కు రైలు కూత.
గంటకోమాటు టార్చి కొట్టి సూడుడు.
గోడలు తేట. మూలలు తేట.
నాలుగ్గొట్టినంక
నిచ్చెన ఎడమకాలు కింద
పొగ లెక్క, ఒక్క తీగ, పచ్చగ
ఊపిరి ఇడుస్తున్నట్టు.

స్టీలు నిచ్చెన.
వారం వారం నేనే తుడిచేది,
మొఖం కనబడేటట్టు.

బోల్టులు ఇప్పిన, పోశాలు ఓ చెయ్యేసిండు.
పైకి గుంజి గడ్డి మీద ఒరగవెడితే
అడుగున రబ్బరు బూటు చీలి ఉన్నది,
వేలు పట్టేంత.
బోలు గొట్టం.
లోపలికెళ్లి గుటగుట కారింది
నాలుగేండ్ల నీళ్లు:
మోటరు తిప్పనివి, మందు ముట్టనివి,
ఉడికిన గోంగూర రంగు.
పోశాలు ముక్కు మూసుకోలే.
ఊకె సూసుకుంట నిలబడ్డడు,
ఆఖరి చుక్క దాక.

రెండు బూట్లు, నూట అరవై రూపాలు.
గొట్టం కడిగి, మందు పట్టించి, మల్ల బిగించిన.
ఇరవై దినాలాయె, నీళ్లడుగున
రూపాయి బిళ్ల ఏస్తే బొమ్మనా బొరుసా చెప్పొచ్చు.
"నూట అరవైయ్యా!" అని సేటు నవ్విండు,
ఐదొందలు జేబుల పెట్టిండు.
జామ మొద్దుకు శిగురు వచ్చింది.
పచ్చజాలి ఇప్పుమని ఎవరు జెప్పలే.

మొన్న జాలి అవతలికెళ్లి అడిగింది పిల్ల:
"అంకుల్, నాసు పోయిందా?"
పోయింది బిడ్డా.
"నేను కాళ్లు కడుక్కునే ముంచిన."

సంచిల ఎతికి
చీలిన రబ్బరు ముక్క తీసి చేతిల పెట్టిన.
ఇగో, ఇది జేసింది.
వాసన జూసి మొఖం గంటు పెట్టుకున్నది.
తర్వాత దాన్ని రెండు వేళ్లతోని దూరంగ పట్టుకొని
ఉరికింది
గేటు కాడ వాళ్ల నాయిన దిక్కు.