వేగు కాదు, దూత

రుషికొండ మలుపులో, నాలుగో అంతస్తులో,
సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటాను నేను.
నా ఉద్యోగం, ఒక పాతకాలపు యుద్ధాల ఆటలో
ఉత్తరాల పెట్టెల మీద పేర్లు సరిచూడ్డం.
పంపినవి, అందినవి, చదవనివి,
కూటమి కబుర్లు, ముట్టడి హెచ్చరిక.
అంతే.
కత్తులకి మెరుగు పెట్టేవాళ్లు వేరే,
గుర్రాలకి జూలు అతికించేవాళ్లు వేరే.
ఇంట్లో అడిగితే కంప్యూటర్ పని అని ఊరుకుంటాను.

శుక్రవారం రాత్రి కొత్త కూర్పు వదిలాం.
ఎక్కడో ఒక వరసలో
దూత అని ఉండాల్సిన చోట వేగు అని పడింది.
రెండుకి రెండక్షరాలు. పెట్టె కొలతకి సరిపోయాయి,
అందుకే ఎవరి కంటా పడలేదు.
నా కంటా పడలేదు.

తెల్లారేసరికి
సంధి లేఖలు పట్టుకెళ్లిన రెండువేల పైచిలుకు మందికి
కోట గుమ్మాల్లో తలలు లేవు.
గుమ్మంలో ఉన్నవాళ్లని ఏమనగలం?
వేగు దొరికితే ఏం చేస్తారు?
మీట కూడా మేమే ఇచ్చాం, ఎర్రగా:
తల తీయి.

ఫిర్యాదుల్లో ఒకటి గొంతుతో వచ్చింది.
పెదజాలారిపేట నించి, అర్జిల్లి ఎల్లాజీ,
పదిహేనేళ్లుంటాయేమో,
వెనకాల ఐసు దంచుతున్న చప్పుడు.
"అక్కా, నాను సంధికని అంపినాను గదా,
ఆడు నరికీసినాడు.
ఏట్రా అంటే, వేగని రాసుంది, నానేటి సేసీది అన్నాడు.
ఆడూ నానూ ఒకే బడి అక్కా.
ఇప్పుడు మాటల్నేవు."

కూర్మారావు గారు టీ కప్పు తిప్పుతూ అన్నారు,
ఒక్క మాటే కదమ్మా, సోమవారం చూద్దాం.
సోమవారానికి ఎన్ని తలలండీ అని అడగలేదు నేను.
కుర్చీ ముందుకి జరుపుకున్నాను.

ఆ పేటలోనే నేను చేపలు కొంటాను.
దానమ్మకి రెండు బుట్టలు.
నీలం గుడ్డ కప్పింది ఇవాళ్టిది, గోనె కప్పింది నిన్నటిది.
ఒకసారి తొందరలో గోనె కిందకి చెయ్యి పోనిస్తే
చెయ్యి మీద ఒక్కటేసింది.
"అది నిన్నటిది. పులుసుకైతే అట్టుకెల్లు, ఏపుడుకొద్దు."
ఆమె వెనక నిలబడి సరిచూసేవాళ్లెవరూ లేరు.

రాయబారి అని పెడదామనుకున్నాను, ఇంకా నిండుగా ఉంటుందని.
పెట్టె పట్టలేదు.
చివరి రి గోడ బయట వేలాడింది.
మళ్లీ దూత దగ్గరికే వచ్చాను.
దీర్ఘం సరిగ్గా ఉందా అని మూడుసార్లు చూశాను.
పాత ఉత్తరాల మీద కూడా మార్చాను,
ఎవరూ మార్చమనలేదు.

ఇప్పుడు ఆ రెండో కుర్రాడి పెట్టెలో ఇలా ఉంటుంది:
దూత వచ్చాడు. తల తీయబడింది.
అది నిజం.
నిన్నటి అబద్ధం కన్నా చూడ్డానికి కష్టంగా ఉంది.

మూడుం పావుకి లేచి కిటికీ వైపు తిరిగాను.
దూరంగా ఓడొకటి డాల్ఫిన్ నోస్ వైపు పోతోంది.
నాకు కనిపించేది ఆకుపచ్చ దీపం ఒక్కటే,
అంటే కుడి పక్క.
ఎర్రది అవతల పక్కన ఉండే ఉంటుంది.
ఎవరో బిగించే ఉంటారు.

ఆదివారం సాయంత్రం మళ్లీ ఆ గొంతు.
ఈసారి ఐసు చప్పుడు లేదు, అలల హోరుంది.
"అక్కా, ఆడు దూతనంపినాడు.
గుమ్మం కాడ నిలబడున్నాడు.
నానింకా తలుపు తియ్యనేదు."