కాల్

సిరొంచ దాటి ప్రాణహిత వంతెన దాకా
పొద్దుగాల నా నడక.
షుగరు చీటీ చెప్పింది, మొదలువెట్టిన.
కిలోమీటరు రాయి మీద మరాఠీ అంకెలు,
నా నోట్లె తెలుగు లెక్క.
వంతెన నడుమ ఫోను రాష్ట్రం మార్తది,
నేను మర్లుత.

మొన్నొకనాడు ముసురు.
చెప్పులు ఆరలేదని సాకు దొరికింది,
దుప్పటి గుంజుకున్న.

తెల్లారి చాయ్ దేవాజీ
గ్లాసులు కడుక్కుంట:
"కాల్ కా నాహీ ఆలాత్?"

నిన్న రాలేదేమని ఆయన.
నా చెవిల కాలు వడ్డది.

ఆయన నిన్న, నా కాలు
ఒక్క మాటల ఎట్ల ఇమిడినయో అని
వంతెన పొడుగునా నవ్వుకున్న.

పిక్కల నిన్నటి బాకీ
కొంచెం సలుపుతనే ఉన్నది.
నీళ్లు మాత్రం రాత్రి వానకు ఎర్రగా,
ఎవలనీ అడగకుంట పోతున్నయి.