చివరి దీర్ఘం

టార్టులో జనవరి. మూడున్నరకే దీపాలు పెట్టేస్తారు.
లైబ్రరీ కింది గదిలో లాటిన్ క్లాసు, అయిదుగురం.
రేడియేటర్ మీద ఆరేసిన చేతితొడుగుల
తడి ఉన్ని వాసన.

విర్వె టీచరు బోర్డు మీద రాసింది: వెంతూర.
రాబోతున్నది. ఇంకా రానిది.
గుమ్మానికి అవతల ఎక్కడో
రావాలన్న మనసుతో ఉన్నది.

హిల్మర్ చెయ్యెత్తాడు.
రైళ్ళకి బ్రేకులు బిగించి రిటైరైన మనిషి,
మతిమరుపుకి మందుగా డాక్టరు లాటిన్ రాసిచ్చాడట.
"మా ఎస్తోనియన్లో భవిష్యత్తే లేదు కదమ్మా!
ఇవాళొచ్చినా రేపొచ్చినా ఒకటే క్రియ.
వచ్చేది ఆడో మగో సర్వనామం కూడా అడగదు.
ఈ రోమన్లకెందుకు ఇంత ఆరా?"

వెనక బెంచీలో నేను నవ్వుకున్నాను.
వెళ్ళిపోతూ కూడా వస్తానని చెప్పే భాష నాది.

విర్వె గడులు గీసింది. హిల్మర్ నింపుతున్నాడు,
ఉదాహరణలన్నీ వాళ్ళావిడవే:
రాబోయే సాల్మె బూట్ల చప్పుడు, వెంతూరాయ్.
రాబోయే సాల్మెకి దాచిన బఠానీ సూపు, మళ్ళీ వెంతూరాయ్.
రాబోయే సాల్మెని కిటికీలోంచి చూడ్డం, వెంతూరమ్.
రాబోయే సాల్మెతో...
సుద్దముక్క ఆగింది.
"ఇది మొదటి గడిలో మాటే కదా?"

విర్వె చివరి అక్షరం నెత్తిన
చిన్న గీత పెట్టింది.
"దీర్ఘం. అది లేకపోతే ఆవిడొక్కతే దారిలో.
ఉంటే, పక్కన ఇంకెవరో ఉన్నట్టు."

వెంతూరా.
నా చెవికి ఆ చివరక్షరం వ్యాకరణంలా వినిపించలేదు,
వీధి చివరికి వినపడేలా ఎవరో పిలిచినట్టుంది.

తలుపు తోసుకుని సాల్మె రానే వచ్చింది.
చీలమండల దాకా మంచు, చేతిలో కారు తాళాలు,
"ఇంకా ఎంతసేపు?"

హిల్మర్ బోర్డు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు.
"ఇప్పుడీ గడులన్నీ అబద్ధమైపోయాయి.
వచ్చిన సాల్మె, దానికేం రాయాలి?"

విర్వె చేతులకంటిన సుద్ద తుడుచుకుంది.
"వస్తున్న, ఉంది. రాబోయే, ఉంది.
వచ్చిన అనడానికి ఆ క్రియకి అలాంటి రూపం లేదు.
చుట్టూ తిరిగి ఇంకో వాక్యం కట్టుకోవాలి."

ముసలాయన పెద్దగా ఆలోచించలేదు.
ఆ గడి ఖాళీగానే వదిలి లేచాడు,
ఆవిడ టోపీ మీది మంచు దులిపాడు,
కొంత నా నోటుబుక్కు మీద పడింది.

అది కరిగేలోపు పెన్సిలుతో రాసుకున్నాను: వచ్చిన.
ముందు మనిషిని పెట్టినా మంచుని పెట్టినా
మారని మాట.