బూడిదలో ఒక రాత్రి

పొద్దున్నే స్టార్ట్ చేస్తే
టప టప టపమని ఒకటే గొణుగుడు.
పెరంబూరు బ్రిడ్జి ఎక్కేసరికి నోరు మూసుకునేది.
వేడెక్కితే ఇనుము ఉబ్బి
పగులు తనంతట తానే మూసుకుంటుందట,
చల్లారితే విచ్చుకుంటుందట.
ఈ సంగతి తెలియక రెండేళ్లు
నా హెరాల్డుకి చలి పడదనుకున్నాను,
మద్రాసులో చలేమిటని ఎవరూ అడగలేదు.

అయనావరం మెకానిక్కు ఎం-సీల్ ముద్ద పెట్టాడు.
మాడిన అప్పడంలా వారానికే రాలిపోయింది.
ఇంకొకాయన పాత ఇనుప కొట్టు దారి చూపించాడు:
"కిలో ముప్పై ఇస్తారు మేడమ్, మర్యాదగా అమ్మేయండి."

పుదుపేటలో
తలుపులొక గుట్ట, బంపర్లొక గుట్ట,
కళ్లు పీకిన ఫియట్ల వరస దాటాక
దేవసహాయం షెడ్డు.
బోర్డు లేదు. గోడ మీద బొగ్గుతో రాసిన ఫోను నంబరులో
చివరి అంకె చెరిగిపోయింది.

గోనెసంచిలోంచి మ్యానిఫోల్డు తీసి బల్ల మీద పెట్టాను,
వేళ్లు ముడిచిన ఇనప చెయ్యి.
ఆయన చూడలేదు. ముందు విన్నాడు.
చిన్న సుత్తితో ఒక్క దెబ్బ,
కుండ బేరమాడే మనిషి వేలి కణుపుతో కొట్టినట్టు.
ఖంగుమనలేదు. జలుబు గొంతుతో పలికింది.
"ఉంది," అన్నాడు. "ఎంత దూరమో చూడాలి."

కిరసనాయిలు పూసి, తుడిచి,
చాక్‌పీసు ఉందా అని మస్తాన్ని అడిగాడు.
కుర్రాడి కంటే ముందు నా చెయ్యి సంచిలోకి పోయింది.
తెలుగు సెక్షన్ మూసేసి మూడేళ్లు,
అడుగున రెండు ముక్కలు ఇంకా దొర్లుతూనే ఉంటాయి.
పొడి చేసి చల్లాడు.
తెలుపులోంచి మెల్లగా ఒక తడి గీత తేలింది,
వంకరగా, చెయ్యి ఎత్తకుండా రాసినట్టు,
నేననుకున్న చోటు దాటి రెండంగుళాలు పోయి ఆగింది.
చదవబోయాను. అలవాటు.
ఏ అక్షరమూ కాదు.

గీత రెండు కొసల్లోనూ డ్రిల్లు పెట్టి చిల్లులు వేశాడు.
పగిలినదానికి పైగా చిల్లులా!
"ఆగమంటే ఆగదమ్మా.
సూదిమొన మీద దానికి బలం ఎక్కువ.
గుండ్రటి చోటు దొరికిందనుకో,
ఎటు పోవాలో తోచక కూర్చుంటుంది."

బొగ్గుల మీద గంటసేపు కాచాడు.
మస్తాన్ ఒక చేత్తో బ్లోయర్ తిప్పుతూ
ఇంకో చేత్తో సుండల్ పొట్లం నా వైపు చాపాడు.
నల్ల అద్దం ఇచ్చారు. అందులో
షెడ్డూ పుదుపేటా పోయి
ఒక్క ఆకుపచ్చ చుక్క మిగిలింది.
ఒక అంగుళం నికెల్ పోత,
వేడి మీదే సుత్తితో టకటకా సముదాయింపు,
ఆగడం. మళ్లీ ఒక అంగుళం.

అయ్యాక దాన్ని డ్రమ్ములో పూడ్చేశాడు,
ఇడ్లీ కొట్టు నుంచి తెచ్చిన కట్టెల బూడిదలో.
"రేపు రండి. మధ్యలో తీసి చూశామా, అంతే.
ఇనుము వేడికి చావదు. తొందరకి చస్తుంది."
సామెతలా ఉందే, అన్నాను.
"సామెత కాదమ్మా, ఎనభై తొమ్మిదిలో ఒక లారీ హెడ్డు."

రాత్రి వాన.
ఆ షెడ్డు రేకులకు బొక్కలున్నాయని గుర్తొచ్చింది.
చెరిగిన అంకె బదులు సున్నా, ఒకటి, రెండు పెట్టి చూశాను.
మూడు దగ్గర ఎవరో నిద్రమత్తు ఆవిడ
అరవంలో నన్నూ నా వంశాన్నీ కడిగేసింది.
ఫోను పక్కన పెట్టి, వానలో
బూడిద ఎంతసేపు వెచ్చగా ఉంటుందో లెక్క వేస్తూ పడుకున్నాను.

తెల్లారి చూస్తే డ్రమ్ము మీద
అంబాసిడర్ బానెట్ బోర్లించి ఉంది,
దాని మీద రెండు ఇటుకలు.
తవ్వి తీసి, సుత్తి నా చేతికిచ్చాడు.
ఖంగుమంది. చివర్లో సన్నని జీర.
"అదా? పక్కన ఇంకో గీతుంది, పాతది.
కదపలేదు. దాని జోలికి పోకండి."
డబ్బు లెక్కపెట్టి, ఇరవై వెనక్కిచ్చాడు, సుండల్‌కి అనుకుంటా,
లేక చాక్‌పీసుకో.

ఆటోలో ఒళ్లో పెట్టుకుంటే ఇంకా గోరువెచ్చగా ఉంది.
చీర కుచ్చెళ్లలోకి బూడిద జారుతోంది.
ఎగ్మూరు సిగ్నల్ దగ్గర ఇంజను ఆపాడు డ్రైవరు.
ఆ కాస్త నిశ్శబ్దంలో
వేలి కణుపుతో దాన్ని
మళ్లీ ఒకసారి కొట్టి చూశాను.