గీత నిలిచేదాకా

ఇలోయిలోలో వాన వెలిసిన ఉదయం.
రేకుల కప్పు ఇంకా చుక్కలు రాలుస్తోంది.
హాలు తెరవడానికి గంట టైముంది.
ముసలి తెమ్యోంగ్ తెల్లబంతి దాచేశాడు,
దాని చోట పదకొండో నంబరు పెట్టాడు,
ఎర్ర పట్టీ నిటారుగా, పాపిట తీసినట్టు.
"కొట్టు. పట్టీ ఊగితే నీ చెయ్యి అబద్ధమాడినట్టు."

రోహెలియో కొట్టాడు.
పట్టీ తాగినవాడి నడకలా తూలింది.
మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తూలింది.

పదహారేళ్ళు ఈ మణికట్టే అన్నం పెట్టింది.
బంతిని పక్కన గిల్లితే చాలు,
కుషన్‌ను తాకి వంకరగా ఎటో పారిపోయేది,
పందెంగాళ్ళు ఈలలు వేసేవారు.
కుడికి తిప్పితే ఎడమకి జరుగుతుందని
ముందే కాస్త తప్పుగా గురిపెట్టేవాడు.
ఒక తప్పు ఇంకో తప్పుని మోసేది,
మోసినన్నాళ్ళూ మోసింది.
పోయిన శనివారం మోయలేదు.
తొమ్మిదో బంతి పాకెట్టు పెదవి మీద ఆగిపోయింది.
ఎనిమిది వేల పెసోలు,
అందులో సగం బావమరిది వలలు కొనుక్కోవాల్సిన డబ్బు.

"నడిమికి," అంటాడు తెమ్యోంగ్, కాఫీ ఊదుకుంటూ.
"నడిమంటే ఇక్కడ కాదు. ఊహూఁ, అక్కడా కాదు."
సుద్ద రాసిన కొన ఆవగింజంత జరుగుతుంది.

ముప్ఫై ఒకటోసారి
పట్టీ చక్రంలా నిలిచి దొర్లి
అవతలి కుషన్ దాకా వెళ్ళి
వెళ్ళిన దారినే వచ్చి కర్ర కొనని తాకింది.
ఎవరూ ఈల వెయ్యలేదు.
ముప్ఫై రెండోసారి మళ్ళీ ఊగింది.

జేబులో ఫోను. బావమరిది: డబ్బెప్పుడు?
"వచ్చే వారం ఒక పెద్ద పందెం..." అని మొదలెట్టాడు.
బొటనవేలు ఆగింది.
చెరిపేసి
"పోగొట్టాను" అని కొట్టాడు.
పంపాడు.
పదకొండుని మళ్ళీ చుక్క మీద నిలబెట్టాడు.