అర మార్కు

శుక్రవారం. కువైట్, ఫర్వానియాలో ఒక సెల్లార్.
పైన సూపర్ మార్కెట్లో చేపలు కోస్తుంటారు.
ఆ నీళ్ళ వాసన మెట్లు దిగొచ్చి
ముందు బెంచీలో కూర్చుంటుంది.
పొద్దున మలయాళీల ఆరాధన,
ఆ తర్వాత ఫిలిప్పీనోల గిటార్లు,
మూడింటి నుంచి అయిదున్నర దాకా హాలు మాది:
వేదాంత విద్య, డిప్లొమా, రెండో సంవత్సరం.

పాత హీబ్రూలో 'చూచు' అనే క్రియ మీద
ఆరేళ్ళు పరిశోధన చేసినవాణ్ణి నేను.
ఆదివారం నుంచి గురువారం దాకా
టైపింగ్ సెంటర్లో అకామా ఫారాలు నింపుతాను.
కుడి నుంచి ఎడమకి చదవడం
ఇలా కూడా అన్నం పెడుతుందని
మా గైడుగారు అప్పట్లో చెప్పలేదు.

ఈసారి ప్రశ్న:
యజమానురాలు వెళ్ళగొట్టిన దాసి ఎడారి అనుభవమును
చారిత్రక, సాహిత్య నేపథ్యములతో వివరింపుము.
ప్రశ్నపత్రం మీద పెన్ను పెడితే చాలు
నాకు వందేళ్ళ గడ్డం మొలుస్తుంది.

క్రేన్ ఆపరేటర్ శాంతవర్ధన్ రాశాడు:
"పిల్లాడు పొద కింద. నీళ్ళతిత్తి ఖాళీ.
తల్లి మొహం తిప్పుకుంది. సరిగ్గా ఇంటర్వెల్.
అప్పుడు పైనుంచి దూత ఎంట్రీ."
నవ్వుకుంటూ ఎర్ర టిక్కు పెట్టాను.
రెండోసారి చదివితే నవ్వు రాలేదు.
కథనశిల్పం అని నేను
నలభై పేజీలు రాసింది ఇదే.

దీవెనమ్మది పెన్సిలు రాత.
మడత మీద సులేమానీ మరక.
పేరు రాయలేదు, అంతటా 'ఆ పనామె' అనే ఉంది.

"ఆ పనామెని పంపేసేప్పుడు రొట్టె ఇచ్చారండి, నీళ్ళిచ్చారు.
జీతం ఇచ్చినట్టు ఎక్కడా లేదు.
డబ్బింగ్ సీరియల్లో ఆవిడ మోచేతి దాకా గాజులేసుకుంది.
గిన్నెలు తోమే చేతికి అన్ని గాజులు నిలవవండి.
ఎడారి అనుభవం అడిగారు. నేను ఎడారి చూళ్ళేదు,
విమానం కిటికీలోంచి ఒకసారి తప్ప.
మాకు ఎడారంటే టైల్స్ సందుల్లో ఇసుక,
రోజుకి మూడుసార్లు తుడవాలి.
ఆ పనామె దేవుడికి పేరు పెట్టింది,
నన్ను చూసేవాడు అని.
మా వంటగది మూల కెమెరా ఉంది, అదీ చూస్తుంది.
ఆ చూపుకీ ఈ చూపుకీ తేడా
మీరు పాఠంలో చెప్పలేదండి.
డ్రైవరు హారన్ కొడుతున్నాడు, ఉంటాను."

మార్జిన్లో రాశాను: ఆధారాలు లేవు.
పేరు పేర్కొనలేదు, అర మార్కు తగ్గింపు.

పేపర్లు ఇచ్చిన రోజు బండి దాకా వెళ్ళాను,
పేరెందుకు రాయలేదని అడగడానికి.
రాయచోటి మస్తాన్‌వలి స్టీరింగ్ మీద చెయ్యేసి వింటున్నాడు.
"ఆయమ్మా? ఆయమ్మ మా తల్లి సార్.
బిడ్డకి నీళ్ళ కోసరం రెండు గుట్టల నడుమ
ఏడు తూర్లు ఉరికింది.
హజ్జుకి పోయినోళ్ళు ఇప్పటికీ అట్నే తిరగాల.
రాజైనా సరే."

దీవెనమ్మ వెనక సీట్లోంచి ముందుకు వంగింది.
"రాజులా?"
"రాజులే."
"పనామె ఎనకాల?"
అతను గేరు మార్చాడు.
పోయేటప్పుడు అద్దంలోంచి
ఆవిడ నా వైపు చూసిందో,
తన పేపరు వైపు చూసుకుందో తెలియలేదు.

రాత్రి గదిలో థీసిస్ తీశాను.
మూడో అధ్యాయం, ఆ క్రియకి పదకొండు అర్థాలు.
చూచు, కనిపెట్టు, పరామర్శించు,
కాపలా కాయు.
కింద చిన్న అక్షరాల్లో నా మాటే:
సందర్భాన్ని బట్టి గ్రహించవలెను.
ఎవరి సందర్భమో రాయలేదు.
ఎగ్జామినర్లు కూడా అడగలేదు.

అర మార్కు తిరిగి వేశాను.
జవాబు మాత్రం ఇవ్వలేదు.
వచ్చే శుక్రవారం
సిలబస్‌లో వేరే పాఠం ఉంది.