కిటికీ లేనిది చాలు

కరెంటు బిల్లు వెనక తెలుపు మీద
ఓడని కూడుతున్నాను.
మనిషికి ఇంత, పోర్టు రుసుము ఇంత, జీఎస్టీ ఇంత,
టిప్పులట, అవీ ముందే కట్టాలట.
ఇవ్వాలనిపించకముందే ఇచ్చేసే బక్షీసు.

పెరంబూరులో మా మూడో అంతస్తుకి
మార్గళి చలి రాదు, దాని వాన వస్తుంది.
ఆరని బట్టలతో హాలంతా తాడే.
తడి లుంగీ కిందినుంచి వంగి వచ్చి
ఇందుజ అడిగింది,
"అమ్మా, ఆ ఓడ ఏ ఊరెళ్తుంది?"

ఏ ఊరూ వెళ్ళదే.
హార్బరులో బయల్దేరి
నడిసముద్రంలో ఓ రోజంతా తిరిగి
మూడో పొద్దున మళ్ళీ హార్బరుకే వస్తుంది.
"మరెందుకూ?"
ఆరేళ్ళకే దీనికి మేనత్త గొంతు వచ్చేసింది.

ఊటీ అంటే నలుగురికీ స్వెట్టర్లు కొనాలి,
ఘాటు రోడ్డు పొడుగునా కవర్లు పట్టుకు కూర్చోవాలి.
పాండిచ్చేరి రెండుసార్లు అయింది,
రెండుసార్లూ వానే.
ఓడలో మూడు పూటలా తిండి వాళ్ళదే.
ఈ ఒక్క ముక్క దగ్గర నా మనసు లంగరేసింది.
రెండు రోజులు నేను పొయ్యి వెలిగించని చోటు
నేల మీద ఎక్కడా కనబడలేదు నాకు.

గదుల పటం తెరిచాను.
బాల్కనీ గది: చీరల కొట్లో పై అర,
తల ఎత్తి చూసి దించుకున్నాను.
కిటికీ గది: ఏడువేల నాలుగు వందలు ఎక్కువ.
లోపలి గది: నాలుగు గోడలు, నాలుగు పరుపులు, ఒక దీపం.
సముద్రం గోడకి అవతల ఉంటుంది,
పక్కింటి టీవీలా వినబడుతుందేమో.

మా నాన్న ఇరవైరెండేళ్ళు హార్బరులో
ఓడల ఒంటి మీద తుప్పు గీకాడు.
కనురెప్పల్లో ఇనప పొట్టుతో ఇంటికొచ్చేవాడు.
ఏ దేశపు ఓడైనా బయటే తెలుసు ఆయనకి.
లోపలెలా ఉంటుంది నాన్నా అంటే
"చీకటిగా ఉంటుందిలే" అనేవాడు.
ఇదిగో, ఆ చీకటికే ధర కనుక్కుంటున్నాను.

ఇక పిల్లల లెక్క.
పన్నెండు నిండని వాళ్ళకి టికెట్టు లేదు, రుసుములే.
జిష్ణుకి జనవరి రెండున నిండుతాయి.
పరీక్షలు ఇరవైమూడుకి అవుతాయి.
క్రిస్మస్‌కి రెట్టింపు,
కొత్త సంవత్సరం రాత్రికి అడగనే కూడదు.
మధ్యలో ఒక్క ఇరవైతొమ్మిది,
సోమవారం, ఎవరికీ అక్కర్లేని తేదీ.
ఆ సందులోంచి వాణ్ణి
చిన్నపిల్లాడిగా ఆఖరిసారి ఎక్కించాలి.

"ఆ తర్వాతి వారమైతే నేను పెద్దవాణ్ణా?"
తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.
ఎప్పుడొచ్చాడో. నేను కూడికలు పైకే అంటాను,
అదో జబ్బు.
"మీరు ముగ్గురూ వెళ్ళండి.
నేను అత్తా వాళ్ళింట్లో ఉంటా.
నాకెలాగూ వాంతులొస్తాయి."

వీడికి ఘాటు రోడ్డులోనూ వాంతులు రావు.
అబద్ధమాడేప్పుడు కుడి చెవి లాక్కుంటాడు,
అచ్చం వాళ్ళ నాన్నే.
నేనేమీ అనలేదు.
ఇరవైతొమ్మిది చుట్టూ సున్నా చుట్టాను,
మళ్ళీ చుట్టాను,
కాగితం చిరిగిందాకా.

రాత్రి పదకొండు.
గజపతి కోచ్ ఫ్యాక్టరీలో, నైట్ షిఫ్టు.
కార్డు ఆయనది, ఓటీపీ ఆయన ఫోనుకి.
మూడు నిమిషాల్లో చచ్చిపోయే ఆరంకెలు.
ఎంతైందని అడగలేదు ఆయన.
వెనకాల ఏదో రైలుపెట్టె మీద సుత్తి పడుతోంది.
"నాలుగు", దడ్.
"తొమ్మిది", దడ్.
మూడా, ఏడా? సరిగ్గా చెప్పు!
"ఏడే! వారానికెన్ని, అన్ని!"

తెర మీద చక్రం తిరుగుతూ ఉంది.
టీవీలో ఎవరో బంగాళాఖాతం మీద వేలు పెట్టి
వాయుగుండం అంటుంటే నోరు నొక్కేశాను.
లోపల ఇందుజ అడ్డంగా పడి నిద్రపోతోంది.
దాని పక్కన జిష్ణు, ముసుగు తన్ని,
నిద్రపోతున్నట్టే ఉన్నాడు,
దుప్పటి మాత్రం
కుడి చెవి దగ్గర కదులుతోంది.